మీరావలి ఉప్పునీటి వైద్యం

చిలకలూరిపేటలో షేక్ మీరావలికి డాక్టరు పట్టా ఇచ్చింది ఏ యూనివర్సిటీ కాదు, చుట్టుపక్కల పత్తి, మిరప రైతులు. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష జోలికే పోకుండా మేనమామ పురుగుమందుల కొట్లో కూర్చున్నవాడు, కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ కొట్టుకు యజమాని, ఆపైన డాక్టరు అయ్యాడు. రైతు పొద్దున్నే బస్సు దిగి, పాలిథిన్ కవర్లో నాలుగు ఆకులు వేసుకుని వచ్చేవాడు. మీరావలి ఒక ఆకు తీసి, వెలుతురుకు పట్టి, వాసన చూసి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక నిట్టూర్పు విడిచేవాడు. సగం వైద్యం ఆ నిట్టూర్పులోనే ఉండేది. మిగతా సగం వెనక అరల్లో ఉండేది.

ఎవరొచ్చినా మూడు మందులు ఇచ్చేవాడు. పురుగుకొకటి, తెగులుకొకటి, చెట్టు బలానికి ఒకటి. ఒకటే ఇస్తే రైతు చిన్నబుచ్చుకుంటాడు, రెండిస్తే అనుమానిస్తాడు, మూడిస్తేనే నిశ్చింతగా ఇంటికి పోతాడు అని ఆయన సిద్ధాంతం. పంట బాగుపడిందా, అది మీరావలి మందు. పోయిందా, అది వాన, లేకపోతే వాన లేకపోవడం, అదీ కాకపోతే మోతాదు తప్పిన రైతు. ఓటమి ఎరగని శాస్త్రం ఇది.

రెండువేల ఒకటిలో ఒక మందుల కంపెనీ తన సరుకు బాగా అమ్మిన డీలర్లను సింగపూర్ తీసుకెళ్ళింది. ఆ యేడు పత్తిలో పచ్చపురుగు ఏ మందుకూ చావలేదు. చావలేదు గనక రైతులు మందు మీద మందు కొట్టారు. కొట్టారు గనక డీలర్లందరూ బాగా అమ్మారు. పురుగు బతికిపోవడం వల్ల విమానం ఎక్కిన వాళ్ళలో మీరావలి కూడా ఉన్నాడు.

మిగతా డీలర్లు సెంట్ల దుకాణాల వెంట పడితే, మీరావలి హోటల్ హాల్లో ఒక గాజుతొట్టి ముందు ఆగిపోయాడు. అందులో సముద్రం ఉంది. నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు ఒక పువ్వులాంటి జీవి వేళ్ళ మధ్య ఇల్లు కట్టుకుని కాపురం చేస్తున్నాయి. ఆకాశం ముక్క కోసినట్టున్న నీలం చేప ఒకటి గాజు దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి చూసింది. పురుగును చూస్తే ఏది కొడితే చస్తుందా అని లెక్కవేయడం తప్ప ఇంకోటి తెలియని మనిషికి, ఒక ప్రాణిని ఊరికే చూస్తూ నిలబడడం అదే మొదటిసారి. కంపెనీ మనిషి భోజనానికి మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఊరికి తిరిగొచ్చాక మీరావలి మద్రాసులో రంగుచేపలు అమ్మే ఒకాయన్ను పట్టుకున్నాడు. హైవే మీది ఊరు కావడంతో మద్రాసు నుంచి వచ్చే బస్సులన్నీ పేట మీదుగానే పోతాయి. ఒకరోజు పొద్దున బస్సు క్లీనరు ఒక థర్మోకోల్ పెట్టె దించిపోయాడు. అందులో ఆక్సిజన్ పట్టిన కవర్లు, కవర్లలో రెండు నారింజ చేపలు, ఒక నీలం చేప, ఒక పసుపు చేప, రాయిని కరుచుకుని ముడుచుకుపోయిన సముద్రపు పువ్వు. నీళ్ళు వాడరేవు సముద్రం నుంచి కొత్త క్యాన్లలో వచ్చాయి. మందు డబ్బాలు ఎంత కడిగినా మందు డబ్బాలేనని ఊళ్ళో అందరికన్నా మీరావలికే బాగా తెలుసు. రైతులకు మాత్రం మూడుసార్లు కడిగితే చాలని చెప్పేవాడు.

తొట్టిని కొట్టు ముందుభాగంలో, కాయతొలుచు పురుగు బొమ్మ ఉన్న పోస్టరు పక్కన పెట్టించాడు. భార్య మస్తాన్‌బీ చూడ్డానికొచ్చి, అటు అరలనూ ఇటు తొట్టినీ మార్చి మార్చి చూసింది.

"అమ్మేదేమో చంపే మందులు. పెంచేదేమో ప్రాణాలు. ఏ చేత్తో మేత వేస్తావు?" అంది.

"చెయ్యి కడుక్కుని వేస్తాలేవే."

"ఇన్నేళ్ళూ అన్నం తినేటప్పుడు కూడా కడుక్కుని ఉంటే బాగుండేది" అని వెళ్ళిపోయింది.

తొట్టి వచ్చాక వ్యాపారం ఇంకా పెరిగింది. రైతులు ఆకులు చూపించడానికొచ్చి చేపల్ని చూస్తూ నిలబడేవాళ్ళు. సముద్రాన్నే కొట్లో కట్టేసుకున్నవాడికి మిరప తోట ఒక లెక్కా అనుకునేవాళ్ళు.

నెల తిరక్కుండానే నీలం చేప ఒంటి మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. రెక్కల మీద, తోక మీద ఉప్మారవ్వ చల్లినట్టు. మీరావలి మొదట పట్టించుకోలేదు. ఉప్పునీళ్ళలో ఉన్నదానికి ఉప్పు అంటదా, చినగంజాం ఉప్పు కొఠార్లలో కూలీల కాళ్ళకు అంటడం లేదా అనుకున్నాడు. రెండు రోజులకు చేప రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. బస్సు వెనక పరిగెత్తినవాడిలా రొప్పుతోంది. పసుపు చేప మీదా రవ్వ పడింది.

అప్పుడే బాపయ్య కొట్టుకొచ్చాడు. ఆయన పొగాకు మానేసి నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులు తవ్వి, ఆ చెరువులతోపాటు మునిగి, మళ్ళీ పొగాక్కి వచ్చిన మనిషి. తొట్టిలోకి ఒక్క చూపు చూసి తల ఊపాడు.

"వైట్ స్పాట్, సాయిబూ. నా చెరువు మొత్తం నాలుగు రోజుల్లో ఊడ్చుకుపోయింది దీంతోనే. దీనికి మందు లేదు. నీళ్ళు తీసేసి బ్లీచింగ్ కొట్టు."

"మరి చేపలు?"

"జబ్బు గురించి మాట్టాడతంటే చేపలంటావేందయ్యా?"

రొయ్యకొచ్చే తెల్లమచ్చ వేరు, చేపకొచ్చే తెల్లమచ్చ వేరు అని ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్ల బాపయ్య గట్టిగా మాట్లాడాడు, మీరావలి కూడా గట్టిగానే వైద్యం మొదలుపెట్టాడు. మచ్చంటే తెగులు. తెల్లమచ్చంటే బూడిద తెగులు. మిరపాకు మీద అయినా, చేప తోక మీద అయినా బూడిద బూడిదే. బూడిద తెగులుకు రైతులకిచ్చే పసుపుపచ్చ పొడి చిటికెడు తీసి నీళ్ళలో కలిపాడు. సిద్ధాంతం ప్రకారం ఇంకో రెండు మందులు పడాలి గనక, బలానికి మేతలో వెల్లుల్లి రసం, నీళ్ళ సత్తువకు గుప్పెడు కళ్ళుప్పు చేర్చాడు.

నాలుగో రోజుకు మచ్చలు పోయాయి. నీలం చేప అద్దంలా మెరిసింది. మీరావలి ఆనందం చెప్పడానికి లేదు. బాపయ్యకు పనిగట్టుకుని ఫోన్ చేశాడు. "మందు లేదన్నావే, ఇక్కడికొచ్చి చూడు" అన్నాడు. ఆ వారం కొట్టుకొచ్చిన ప్రతి రైతూ మిరప సంగతి ఎత్తేముందు చేప సంగతి వినాల్సి వచ్చింది.

ఆ తర్వాత వారంలో మచ్చలు తిరిగొచ్చాయి. ఈసారి రవ్వ కాదు, ఒంటినిండా సున్నం కొట్టినట్టు వచ్చాయి. నారింజ చేపలకూ అంటుకున్నాయి. మీరావలి మోతాదు రెట్టింపు చేశాడు. ఇరవై ఏళ్ళ అనుభవంలో ఆయనకు తెలిసిన రెండో చికిత్స అదొక్కటే. పొద్దున కొట్టు తీసేసరికి పసుపు చేప ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది.

ఎన్ని వందల ఎకరాలు ఎండిపోయినా చలించని మనిషి ఆ చేపను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఎండిన తోటను ఆయన ఎప్పుడూ చూడలేదు. చూసిందల్లా కవర్లో తెచ్చిన నాలుగాకులే. చావు ఇలా కొట్లోకే వచ్చి కూర్చోవడం కొత్త.

ఎవరో వాడరేవు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో మైక్రోస్కోపు ఉందని చెప్పారు. నీలం చేపను గాలి పట్టిన కవర్లో పెట్టుకుని చీరాల మీదుగా అక్కడికి పోయాడు. ల్యాబు చూసుకునేది భవ్య అనే అమ్మాయి. చేపల చదువు చదివి, రోజంతా రొయ్యపిల్లల్ని లెక్కపెట్టే ఉద్యోగంలో విసిగిపోయి ఉంది. రంగుచేపను చూడగానే మొహం వెలిగింది.

"ఇప్పటిదాకా ఏం వేశారండీ?" అని అడిగింది.

మీరావలి చెప్పాడు. ఆ అమ్మాయి పసుపుపచ్చ పొడి దాకా ఊరుకుని, కళ్ళుప్పు దగ్గర తలెత్తింది.

"సముద్రంలో ఉప్పు వేశారా?"

"కాస్తేనమ్మా."

ఆమె చేప ఒంటి మీది జిగురు గాజుపలక మీదికి గీకి, మైక్రోస్కోపు కింద పెట్టి ఆయన్ను చూడమంది. మీరావలి కళ్ళజోడు తీసి చూశాడు. బూడిదరంగు గుండ్రటి ముద్ద ఒకటి, చుట్టూ సన్నటి నూగు, తాపీగా తిరుగుతోంది. పెళ్ళికొచ్చిన చుట్టంలా ఏ తొందరా లేదు దానికి.

"ఇది తెగులు కాదండీ, పురుగు. చేప చర్మం కిందకి దూరి తింటుంది. అక్కడున్నంత సేపు ఏ మందూ దాన్ని తాకదు. కడుపు నిండాక తనంతట తనే రాలి ఇసుకలో గూడు కట్టుకుంటుంది. ఆ గూడు పగిలి వందల పిల్లలు ఈదుకుంటూ వస్తాయి. అవి పిల్లలుగా ఉన్నప్పుడే చంపగలం."

"అయితే నా మందుకు మచ్చలు పోయాయి కదమ్మా?"

"మీ మందుకు పోలేదు. పోయే టైముకు మీరు మందు వేశారు."

మీరావలి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ మాట చేపల గురించేనా, ఇరవై ఏళ్ళ వ్యాపారం గురించా అని తేల్చుకోలేకపోయాడు. మొదటిదే అనుకోవడం ఆరోగ్యమని అలాగే అనుకున్నాడు.

"మచ్చ కనిపించినప్పుడు కాదు, మచ్చ పోయాక కూడా వారాల తరబడి మందు నడవాలి" అంది భవ్య.

"మచ్చ పోయాక మందెవరు కొంటారమ్మా?" అన్నాడు మీరావలి, ఆ మాట నోరుజారి వచ్చేసింది.

"ఇక్కడ కొనేవాడూ మీరే కదండీ."

"ఇంతకీ ఏం మందు?"

"కాపర్ సల్ఫేట్."

మైలుతుత్తం. మీరావలి గోడౌన్లో గోడకానించి బస్తాల కొద్దీ ఉంది. చేప చావుబతుకుల్లో ఉంటే ఆయన కొట్లో ఉన్న అన్ని మందులూ వెతికి, ఆ ఒక్కటీ వదిలేశాడు. భవ్య జాగ్రత్తలు చెప్పింది. చేపల్ని రాళ్ళూ ఇసుకా లేని వేరే తొట్టిలోకి మార్చాలి, మందు అక్కడే వెయ్యాలి, అణువంతే వెయ్యాలి, రోజూ పరీక్ష చేసి చూసుకోవాలి, అసలు తొట్టిని నెలన్నర చేపల్లేకుండా ఖాళీగా ఉంచితే అందులో పురుగు తిండిలేక చస్తుంది. మీరావలి తల ఊపుతూ విన్నాడు. ఆయన దగ్గర రైతులు కూడా సరిగ్గా అలాగే తల ఊపుతూ వినేవాళ్ళు.

కొట్టుకు చేరేసరికి ఆయన మనసుకు పట్టింది మైలుతుత్తం ఒక్కటే. నెలన్నర తొట్టి ఖాళీగా పెడితే ఊళ్ళో ఏమనుకుంటారు? డాక్టరు కొట్లో చేపలే లేకపోతే ఆకులు ఎవరు చూపిస్తారు? వేరే తొట్టి వ్యవహారం మరీ చాదస్తమనిపించింది. నీలం చేపను మళ్ళీ గాజుతొట్టిలోనే వదిలి, అందులోనే మందు కరిగించి పోశాడు. అణువంత అంటే ఎంతో చేతికి తెలియలేదు. కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకుని చెయ్యి ఆడించాడు. లీటరుకు రెండు మిల్లీలు అంటే మూతనిండా వంచే రైతుల్ని ఆయన జీవితమంతా తిట్టాడు. ఆ సాయంత్రం ఆయనే ఒక రైతయ్యాడు.

తెల్లారేసరికి సముద్రపు పువ్వు కరిగిపోతున్న సబ్బులా జారిపడి ఉంది. నీళ్ళు కుడితిలా తెల్లబడ్డాయి. వాసనకు పక్క కొట్టువాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నీలం చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తోంది.

ఈసారి ఆయన అరల వైపు చూడలేదు. ఇంటికి పరిగెత్తాడు. చేపల్ని తీసి వెయ్యడానికి బిర్యానీ వండే పెద్ద డేగిశా అందుకోబోతుంటే మస్తాన్‌బీ అడ్డం నిలబడింది.

"అది రాగిది. నిన్న సాయంత్రం నువ్వు పోసిందీ రాగేనంటివి. ఇంకా చాల్లేదా?"

ఆమే మంచినీళ్ళ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఖాళీ చేసి, కడిగి, ఇంట్లో మిగిలిన సముద్రపు నీళ్ళ క్యాన్లు వంచింది. డ్రమ్ములోకి మార్చిన గంటకే నీలం చేప పోయింది. నారింజ చేపలు రెండూ అడుగున ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. మీరావలి భవ్యకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. 

"పువ్వు ఉందని నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు అడగలేదు కదమ్మా."

"నేను అడగాల్సింది" అంది ఆ అమ్మాయి. తర్వాత మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. "ఆ రాళ్ళు రాగి తాగేశాయి. ఆ తొట్టిలో ఇక పువ్వు బతకదు. నీళ్ళు మార్చుకుంటూ పోతే చేపలు బతకొచ్చు, అది కూడా నెలన్నర ఆగాక."

మీరావలి బతుకులో మొదటిసారి మోతాదు ప్రకారం, డ్రమ్ములోనే మందు వేశాడు. కంసాలి దగ్గర బంగారం తూచే కాటా అడిగి తెచ్చి మైలుతుత్తం తూచాడు. రంగు చూసి రాగి ఎంతుందో చెప్పే కిట్టు మద్రాసు నుంచి తెప్పించి, రోజూ పొద్దున గాజుగొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసేవాడు. నిట్టూర్పులు మానేశాడు. చేపకు నిట్టూర్పు వినబడదు. మస్తాన్‌బీ డ్రమ్ములో నీళ్ళు మార్చేది. కొన్నాళ్ళకు ఆయన కన్నా ముందే ఆమె లేచి చేపలు మేత తిన్నదీ లేనిదీ చెప్పడం మొదలుపెట్టింది.

కొట్లో గాజుతొట్టి ఉత్త నీళ్ళతో, రాళ్ళతో, గాలి బుడగలతో నడుస్తూనే ఉంది. వచ్చినవాళ్ళందరూ అడిగారు. "పురుగు ఆకలితో చావాలని ఖాళీగా పెట్టాను" అని చెప్పాడు. మందులేకుండా పురుగు చస్తుందని పురుగుమందుల కొట్లో నిలబడి చెబుతున్న మనిషిని రైతులు జాలిగా చూశారు. చేపలు పోయిన దిగులుతో మెదడు కాస్త కదిలిందనుకున్నారు.

ఆ రోజుల్లోనే మురికిపూడి నుంచి వెంకయ్య అనే రైతు మిరపాకులు తెచ్చాడు. ఆకుల మీద తెల్లటి చుక్కలు. వెంకయ్య తోట హైవే పక్కనే ఉంది. అప్పుడు హైవేని నాలుగు వరసలు చేస్తున్నారు. పాతరోజులైతే మీరావలి చెయ్యి తనంతట తనే వెనక అరలోకి పోయేది. ఈసారి వాడరేవు వెళ్ళొచ్చాక కొన్న భూతద్దం తీశాడు. ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా అని చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. వేలితో రుద్ది వేలు చూసుకున్నాడు.

"ఇది తెగులు కాదు వెంకయ్యా, దుమ్ము. రోడ్డు పని దుమ్ము. ఒక వాన పడితే పోయిద్ది. ఏమీ కొట్టబాక."

వెంకయ్య మొహం మాడిపోయింది. "ఏందండీ, పనులు మానుకుని బస్సెక్కి వస్తే దుమ్మంటారా? నా తోట అంత తేరగా ఉందా మీకు?"

"మందు అక్కర్లేదు అంటున్నా కదయ్యా."

"అక్కర్లేదో, మీ కాడ లేదో" అని కవరు లాక్కుని ఎదురుకొట్టు గౌస్ బాషా దగ్గరికి పోయాడు. గౌస్ బాషా ఆకు వాసన చూసి, మీరావలి కన్నా పెద్ద నిట్టూర్పు విడిచి, నాలుగు మందులిచ్చాడు. వెంకయ్య ఆ నాలుగూ డ్రమ్ముల కొద్దీ నీళ్ళలో కలిపి తోటంతా తడిసేలా కొట్టాడు. ఆ నీళ్ళకు దుమ్ము కడుక్కుపోయి ఆకులు నిగనిగలాడాయి. మూడో రోజుకే తోట తిరిగిందని వెంకయ్య ఊరంతా చెప్పాడు. మురికిపూడి మురికిపూడంతా గౌస్ బాషా కొట్టు ముందు దిగింది.

ఈ సంగతి ఇంట్లో చెబితే మస్తాన్‌బీ నవ్వు ఆపుకోలేకపోయింది. "మందు పని చెయ్యలేదు, నీళ్ళు పని చేశాయి. నువ్వు నీళ్ళు సీసాలో పోసి ఇవ్వాల్సింది."

నెలన్నర దాటాక నారింజ చేపలు గాజుతొట్టిలోకి తిరిగొచ్చాయి. మచ్చలు మళ్ళీ రాలేదు. భవ్య సెలవురోజు చీరాల నుంచి వచ్చి చూసి, ఒళ్ళు శుభ్రంగా ఉందంది. మస్తాన్‌బీ పెట్టిన సేమ్యా తిని, డ్రమ్ము చూసి, హేచరీలో ఇంత శుభ్రం లేదంది. ఆ మాట మస్తాన్‌బీ వీధిలో ప్రతి ఇంటికీ చేరవేసింది.

మీరావలి మందులు అమ్మడం మానలేదు. ఆయనేమీ రుషి కాలేదు. కానీ మూడు మందులు ఒకటికి దిగాయి, భూతద్దం చూశాకే ఆ ఒకటి. కొట్లో రద్దీ సగానికి పడింది. మరుసటి యేడు కంపెనీ గౌస్ బాషాను బ్యాంకాక్ తీసుకెళ్ళింది. ఆయన అక్కణ్ణుంచి మీరావలికి ఒక కీచైన్ తెచ్చాడు, దాని మీద చేప బొమ్మ ఉంది. వెక్కిరింపో, అభిమానమో మీరావలికి చివరిదాకా తెలియలేదు.

మిరప డాక్టరుగా తగ్గినవాడు చేపల డాక్టరుగా పెరిగాడు. గుంటూరులో నర్సింగ్‌హోముల వాళ్ళు, ఒంగోలులో నగల దుకాణాల వాళ్ళు ఉప్పునీటి తొట్లు పెట్టించుకునే రోజులొచ్చాయి. జబ్బు చేసినప్పుడల్లా అందరూ పేటకే ఫోన్ చేసేవాళ్ళు. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలున్న ఒక ఆసామి ఏకంగా కారులో మూడు చేపలు పంపి, వెంటే ఫోన్ చేశాడు.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"నెలన్నర. మీ తొట్టి కూడా అన్నాళ్ళు ఖాళీగా ఉంచాలండీ."

"నెలన్నరా? ఎల్లుండి మా ఇంటికి పెద్ద పెద్ద వాళ్ళొస్తున్నారండీ. కొత్తవి తెప్పించుకుంటాలెండి."

ఆయన చేపలు మీరావలి ఇంటి వెనక డ్రమ్ములోనే కోలుకున్నాయి. ఒకటి కన్ను పోగొట్టుకున్నా దర్జాగా ఈదుతోంది. తీసుకెళ్ళమని చెబుదామని మీరావలి చీమకుర్తికి ఫోన్ చేశాడు.

"అవి ఇంకా బతికే ఉన్నాయా?" ఆసామి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీ దగ్గరే ఉంచుకోండి. అదికాదు డాక్టరు గారూ, కొత్తగా తెచ్చినవాటికి కూడా తెల్లమచ్చలొచ్చాయండీ. ఈ సాయంత్రానికి పోయే మందేమన్నా ఉందా?"

మీరావలి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇంకో డ్రమ్ము కడగమని మస్తాన్‌బీకి సైగ చేశాడు.